తాలు ఏరడం: గుంటూరు సీమలో పాత కంప్యూటర్ల కథ

సీపీయూ మూత విప్పగానే అది ఎక్కడ పనిచేసి వచ్చిందో చెప్పగలిగేవాణ్ణి ఒకప్పుడు. అదేం పెద్ద విద్య కాదు, ముక్కు పనిచేస్తే చాలు. ఫ్యాను రెక్కలకి తెల్లగా, మెత్తగా దూది పీచు చుట్టుకుని ఉంటే చిలకలూరిపేట వైపు ఏ జిన్నింగు మిల్లు ఆఫీసులోనో కూర్చుని వచ్చినట్టు. సందుల్లో ఎర్రటి పొడి పేరుకుని, బ్లోయర్ పెట్టగానే గదిలో ఉన్నవాళ్ళందరూ తుమ్ముకుంటూ బయటికి పరిగెత్తితే అది మిర్చి యార్డు పక్క కమిషన్ కొట్టుది. నల్లటి జిడ్డు మసి ఉంటే మెయిన్ రోడ్డు మీద ఇంటర్నెట్ సెంటరు. ఏ మసీ లేకుండా, పక్కన ఒక బార్‌కోడ్ స్టిక్కరుతో ఉంటే హైదరాబాదులో ఏసీ గది.

2009 నుంచి 2013 దాకా నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేస్తూ, సాయంత్రాలూ ఆదివారాలూ పాత కంప్యూటర్లు కొని, బాగుచేసి, అమ్మాను. ఇప్పుడు హైదరాబాదులో అందరిలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ వ్యాసం ఆ వ్యాపారం గురించి కొంత, ఆ వ్యాపారాన్ని సాధ్యం చేసిన చరిత్ర గురించి ఇంకొంత. తెలుగువాళ్ళ కంప్యూటర్ చరిత్ర అనగానే మనం హైటెక్ సిటీతో మొదలుపెట్టి అమెరికా విమానంతో ముగించేస్తాం. పత్తి రైతు మీద మనకి చాలా కథలున్నాయి. సాఫ్ట్‌వేర్ కుర్రాడి మీదా ఉన్నాయి. ఆ రైతు కొడుకు ఈ కుర్రాడిగా మారే దారిలో ఒక ఎనిమిది వేల రూపాయల పాత డబ్బా ఉంది. దాని కథ ఎవరైనా రాస్తే నా కంట పడలేదు.

*

ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి.

మా ఊరు పర్చూరు దగ్గర. నేను 1988 ఫిబ్రవరిలో పుట్టాను. మా అమ్మ ఇప్పటికీ నా వయసుని తెల్లదోమ వచ్చిన ఏడు నుంచి లెక్కేస్తుంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ పీల్చేసింది. మందు మీద మందు కొట్టారు. సింథటిక్ పైరిత్రాయిడ్లు అదేపనిగా కొట్టేసరికి దోమ తగ్గకపోగా పెరిగింది. అప్పుల్లో మునిగిన పత్తి రైతుల ఆత్మహత్యలు, ముఖ్యంగా ప్రకాశం జిల్లాలోవి, పత్రికలకెక్కింది అప్పుడే. ఆ తర్వాత మా ఇళ్ళల్లో ఒక మాట స్థిరపడిపోయింది: పిల్లాడు చేలో దిగకూడదు.

అదే దశకంలో ఢిల్లీలో ఇంకో పని జరుగుతోంది. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించి, దిగుమతుల మీద పట్టు సడలించింది. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు వచ్చాయి. అంటే ఎగుమతులు చేసే కంపెనీ సుంకం కట్టకుండా యంత్రాలు తెచ్చుకోవచ్చు. 1997లో ఇండియా ప్రపంచ వాణిజ్య సంస్థ వారి ఐటీ ఒప్పందంలో చేరింది, 2005 నాటికి కంప్యూటర్ల మీద కస్టమ్స్ సుంకం సున్నాకి దిగింది. 1998 నవంబరులో వాజపేయి వచ్చి సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. వీటన్నిటినీ మనం కొత్త కంప్యూటర్ల చరిత్రగా చదువుకుంటాం. నాకివి పాత కంప్యూటర్ల చరిత్ర కూడా. మాదాపూర్‌లో ఒక అంతస్తులోకి ఐదువందల కొత్త యంత్రాలు ఎక్కాయంటే, కొన్నేళ్ళకి అదే లిఫ్టులో ఐదువందల పాతవి దిగాలి కదా.

ఎన్నేళ్ళకి దిగుతాయన్నది ఆదాయపన్ను శాఖ పట్టికలో ఉంది. మేం వ్యాపారం చేసిన రోజుల్లో కంప్యూటర్ల మీద తరుగుదల ఏడాదికి 60 శాతం. మిగిలిన విలువ మీద మళ్ళీ 60. నలభై వేలు పెట్టి కొన్న యంత్రం పుస్తకాల్లో ఏడాదికి పదహారు వేలు, రెండేళ్ళకి ఆరువేల నాలుగొందలు, మూడేళ్ళకి రెండువేల ఐదొందల అరవై. వారంటీ కూడా చాలావాటికి మూడేళ్ళే. యంత్రం మటుకు చక్కగా నడుస్తూనే ఉంటుంది. దాన్ని చూసే ఇంజినీరుకి అది బతికి ఉన్నట్టు, లెక్కలు చూసే అకౌంటెంటుకి పోయినట్టు. మా వ్యాపారమంతా ఈ ఇద్దరి మధ్య తేడాలోనే నడిచింది. 2017 ఏప్రిల్ నుంచి ఆ శాతాన్ని 40కి తగ్గించారు. ఈ లెక్కన అదే యంత్రం మూడేళ్ళకి ఎనిమిది వేల ఆరొందల పైచిలుకు.

విదేశాల్లో వాడి పడేసిన కంప్యూటర్లు మన బజారుకి తేలిగ్గా రాకుండా అడ్డు కూడా ఉంది. 2009-14 విదేశీ వాణిజ్య విధానం పాత యంత్రసామగ్రిని మామూలుగా రానిస్తూనే, పాత పర్సనల్ కంప్యూటర్లనీ లాప్‌టాప్‌లనీ మాత్రం లైసెన్సు ఉంటేనే అంది. కాబట్టి గుంటూరుకి రావాల్సిన పాత కంప్యూటరు ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరు, చెన్నై ఆఫీసుల్లోంచే రావాలి. కంపెనీ లాటుగా వేలం వేస్తుంది, పెద్ద వ్యాపారి మొత్తం లాటు ఎత్తుతాడు, అక్కణ్ణించి చిల్లరగా విడిపోతుంది. హైదరాబాదు వైపు ఆ విడిపోయే చోటు సికింద్రాబాద్ పార్క్‌లేన్, చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అంటారు. ఒంగోలు వాళ్ళు మాత్రం చాలామంది మద్రాసు రిచీ స్ట్రీట్‌కి పోయేవాళ్ళు. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడ ఉండొచ్చు.

*

నేను ఇంజినీరింగ్ అయిపోయి బయటికి వచ్చేసరికి 2009. అమెరికాలో బ్యాంకులు కూలి ఏడాది కాలేదు. జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరం బయటపడింది. నా చేతిలో ఒక కంపెనీ ఆఫర్ లెటరు ఉంది, జాయినింగ్ తేదీ మటుకు రాలేదు. చివరికి రానేలేదు. ఇంట్లో కూర్చోలేక నెలకి ఆరువేలకి ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. నన్ను ఉద్యోగం లేకుండా చేసిన మాంద్యమే నాకు సరుకూ పంపించింది. ఆ ఏడాది సీటీసీలో మెట్ల మీద కూడా సీపీయూలు పేర్చి ఉండేవి. మనుషుల్ని తీసేసిన చోట బల్లలూ కంప్యూటర్లూ కూడా తీసేస్తారు కదా.

నేనూ, నా రూమ్మేటూ పద్దెనిమిది వేలు పోగుచేసి మొదటిసారి వెళ్ళాం. గుంటూరు నుంచి పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో పోయి, గోల్కొండలో తిరిగొచ్చాం. నాలుగు పెంటియం ఫోర్ సీపీయూలు సీట్ల కింద తోశాం. మానిటర్లు లారీ పార్సిల్‌లో వచ్చాయి, ఒకటి పగిలింది. అరండల్‌పేటలో ఒక మేడ మీది గది తీసుకున్నాం. గుంటూరు అడ్రసుల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. లైను నంబరూ అడ్డరోడ్డు నంబరూ చెబితే చాలు, మనిషి వెతుక్కుంటూ వచ్చేస్తాడు. బోర్డు పెట్టే స్తోమత లేక మేం దాని మీదే బతికాం.

బాగుచేయడం అంటే ఏం చేసేవాళ్ళం? ముందు బ్లోయర్. తర్వాత ర్యామ్ పుల్లలు తీసి, వాటి బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దడం. సగం 'చచ్చిపోయిన' కంప్యూటర్లు ఈ ఒక్క పనితో లేచి కూర్చునేవి. బయాస్ గడియారానికి గుండీ అంత బ్యాటరీ కొత్తది. ప్రాసెసర్ మీద ఎండి పొడిబారిన పేస్టు తుడిచి కొత్త పేస్టు. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి చూడటం. చదునుగా ఉంటే మంచిది, బూరెలా ఉబ్బితే పోయినట్టు. ఈ శతాబ్దం మొదటి ఏళ్ళలో లోపమున్న ద్రావణంతో తయారైన కెపాసిటర్లు ప్రపంచమంతటా ఎన్నో కంపెనీల బోర్డుల్లోకి ఎక్కేశాయి. అవి మా చేతికి వచ్చేటప్పటికి సరిగ్గా ఉబ్బే వయసు. రెండేసి రూపాయల కెపాసిటర్లు నాలుగు మార్చి బోర్డుని బతికించడంలో ఒక ఆనందం ఉండేది. ఉద్యోగంలో ఇన్నేళ్ళు రాసిన కోడు నాకది ఇవ్వలేదు.

ఒక సీపీయూ, పదిహేడు అంగుళాల పాత మానిటరు, కీబోర్డు, మౌసు అన్నీ కలిపి మాకు ఆరున్నర వేలు పడేది. ఎనిమిది వేలకి అమ్మేవాళ్ళం. కొత్తది పాతిక వేలు దాటే రోజులవి.

కొన్నదెవరు? అప్పటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆ పథకాన్ని విస్తరించాక, అంతకుముందు డిగ్రీతో ఆగిపోయే పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరారు. మా రెండు జిల్లాల్లో కాలేజీలకి కొదవ లేదు. బాపట్లలో 1981 నుంచి ఉంది, చౌడవరంలో 1985 నుంచి. ఆ తర్వాత నరసరావుపేట, చీరాల, ఒంగోలు, ఎటు చూస్తే అటు. ప్రభుత్వం ఫీజు కడుతుంది కానీ కంప్యూటరు కొనివ్వదు. నాన్న మిర్చి అమ్మిన వారంలో పిల్లాణ్ణి వెంటబెట్టుకుని మా మెట్లెక్కేవాడు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా వ్యాపారం యార్డు ధరతో పాటు పెరిగేది, తగ్గేది.

పిల్లలు కాక, ట్యాలీ కోసం పురుగుమందుల కొట్లవాళ్ళు వచ్చేవాళ్ళు. పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం డీటీపీ వాళ్ళు వచ్చేవాళ్ళు. వీళ్ళకి కొత్త కంప్యూటరు ఇచ్చినా వద్దనేవాళ్ళు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో. శుభలేఖలూ కరపత్రాలూ అన్నీ అందులోనే ఉన్నాయి. కొత్త విండోస్‌లో అది మొరాయిస్తే పెళ్ళి ముహూర్తం ఆగదు కదా. ఇక ఒక కాలేజీ వాళ్ళయితే నలభై కంప్యూటర్లు రెండు రోజులకి అద్దెకి అడిగారు. ఇన్‌స్పెక్షన్ ఉందట. మేం పదకొండే ఇవ్వగలిగాం. మూడోరోజు తెచ్చుకునేటప్పుడు వాటికి ఆ కాలేజీ పేరుతో కొత్త స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. గోకి తీయడానికి ఒక ఆదివారం పట్టింది.

అమ్మిన ప్రతి దాంట్లో నేను అడక్కుండానే ఒక పని చేసేవాణ్ణి. విండోస్ ఎక్స్‌పీ 2001లోనే తెలుగుతో వచ్చింది, గౌతమి ఫాంటు అందులోనే ఉంది. కానీ మామూలుగా ఎక్కిస్తే తెలుగు కనపడదు, డబ్బాలు కనపడతాయి. భాషల సెట్టింగులోకి వెళ్ళి ఒక గడిలో టిక్కు పెట్టి, మళ్ళీ సీడీ తిప్పాలి. ఆ టిక్కు పెట్టి, దాంతోపాటు తిరుమల కృష్ణదేశికాచార్యులు గారి పోతన ఫాంటు ఎక్కించి ఇచ్చేవాణ్ణి. పదిమందిలో తొమ్మిదిమందికి అదక్కర్లేదు, సినిమాలు కావాలి. నాకే కావాలి. నేను ఈమాటా, తెలుగు బ్లాగులూ మొదటిసారి చదివింది ఎవరిదో బ్యాంకు స్టిక్కరున్న పాత మానిటరు మీద. నెట్‌లో తెలుగు పెరిగిన కథ చెప్పేటప్పుడు మనం ఫాంట్లు చేసినవాళ్ళనీ, లేఖిని లాంటివి చేసినవాళ్ళనీ తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. ఆ తెలుగు దిగిన యంత్రాల్లో ఎన్ని మూడో చేతివో కూడా ఎవరైనా ఒకసారి తలుచుకోవాలి.

*

ఇప్పుడు అసలు సంగతి.

మా తాత ఒంగోలు ఎడ్లు కొనేవాడు. సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసేవాడు. రెండు పళ్ళా, నాలుగా, ఆరా, కడపళ్ళు వచ్చాయా అని. తర్వాత సుడులు. తర్వాత నాలుగడుగులు నడిపించడం. బేరం మటుకు తువ్వాలు కింద వేళ్ళతో, ఎవరికీ కనపడకుండా. ధర దాచినా సరుకు దాచరు. ఎద్దు అక్కడే, ఎండలో, నలుగురి ముందే ఉంటుంది.

కంప్యూటరుకి పళ్ళుండవు. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఏకర్‌లాఫ్ 1970లో పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశాడు. అమ్మేవాడికి తన బండి లోపం తెలుసు, కొనేవాడికి తెలీదు. తెలీదు కాబట్టి కొనేవాడు అన్నిటికీ కలిపి ఒక మధ్యరకం ధరే ఇస్తాడు. ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు, బజారులో చెడ్డవే మిగులుతాయి. మూడు పత్రికలు తిప్పికొట్టిన ఆ వ్యాసానికి ఆయనకి 2001లో నోబెల్ వచ్చింది. అది చదివినప్పుడు నన్ను ఆపింది కార్ల సంగతి కాదు. అది అచ్చవకముందు ఆయన ఇండియాలో ఒక ఏడాది ఉన్నాడు, వ్యాసంలో ఇక్కడి సంగతులు చాలా ఉన్నాయి. వడ్డీవ్యాపారుల గురించి రాశాడు. బజారు బియ్యంలో కావాలని కలిపిన, బియ్యం రంగులోనే ఉండే రాళ్ళని ఇల్లాలు కూర్చుని ఏరుకోవాల్సి రావడం గురించీ రాశాడు. మా అమ్మ చేటతో కూర్చునే భంగిమ అందులో కనపడింది.

నేను రాళ్ళు కలిపినవాణ్ణి.

2011 మొదట్లో లాప్‌టాప్‌లు మొదలుపెట్టాం. కరెంటు కోతలు బాగా ఉండేవి, పిల్లలు బ్యాటరీ ఉన్నదే కావాలనేవాళ్ళు. లాటులో వచ్చినవాటిలో రెండుమూడింటికి తెర రాదు. లోపల గ్రాఫిక్స్ చిప్పు కింద అతుకులు వదిలేస్తాయి. హీట్ గన్‌తో వేడి చేస్తే అతుకులు కరిగి మళ్ళీ కలుసుకుంటాయి, తెర వస్తుంది. ఎన్నాళ్ళు? నెల కావచ్చు, ఆరునెలలు కావచ్చు. అది బాగుచేయడం కాదని నాకు తెలుసు. అమ్మేదాకా నిలబెట్టడం, అంతే. బజారులో అందరూ చేసేవాళ్ళు. మా షరతు కూడా బజారు షరతే: టెస్టింగ్ వారంటీ వారం.

అలాంటిదొకటి పద్నాలుగున్నర వేలకి ఒకమ్మాయికి అమ్మాను. ఫైనలియర్. మా పర్చూరు వైపు పిల్లే. వాళ్ళ నాన్న వచ్చి, పైమూత నిమిరి చూసి, నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. ఏడు వారాలు నడిచింది. ప్రాజెక్టు రివ్యూ రెండు రోజులుందనగా తెర నల్లబడింది. ప్రాజెక్టంతా అందులోనే ఉంది.

తండ్రీకూతుళ్ళు పొద్దున్నే బస్సు దిగి వచ్చారు. ఆ పిల్ల ఏడవలేదు, నన్ను చూడకుండా గోడ వైపు చూస్తూ నిలబడింది. నేను వారం వారంటీ మాట ఎత్తాను. ఆయన అరుస్తాడనుకున్నాను. కుర్చీలో కూర్చుని మెల్లిగా అడిగాడు:

"మీ నాయన మిరపకాయలు ఏస్తాడా బాబూ?"

"ఏస్తాడండీ."

"తాలు ఏరతాడా?"

తాలు అంటే రంగుపోయి తెల్లబారిన కాయలు. కల్లంలో ఆడవాళ్ళు కూర్చుని ఎర్రకాయల్లోంచి వాటిని వేరుచేస్తారు. రెండిటికీ వేర్వేరు ధర. ఏరతాడని చెప్పాను.

"ఏరకుండా టిక్కీలో పోసి, పైన నాలుగు మంచికాయలు పరిచి యార్డుకి తెచ్చామనుకో. ఎవరూ ఏమీ అనరు. చెయ్యి అడుక్కంటా పెట్టి గుప్పెడు తీస్తారు. ఆ గుప్పెటనిబట్టే ధర. నాకు ఇందులో చెయ్యెట్టటం తెలవదు. తెలవదనేగా నీ దగ్గిరికొచ్చింది."

నాకు జవాబు రాలేదు. మా రూమ్మేటు లాప్‌టాప్‌లోంచి హార్డ్ డిస్కు విప్పి, కేబుల్ తగిలించి, ప్రాజెక్టు ఫైళ్ళు బయటికి తీశాడు. నేను వాడుకునే కంప్యూటరు ఆ పిల్ల హాస్టల్లో పెట్టి వచ్చాను. రివ్యూ అయింది. డబ్బు ఒకేసారి తిరిగివ్వడానికి మా దగ్గర లేదు, రెండు విడతల్లో ఇచ్చాం. ఆయన రెండుసార్లూ లెక్కపెట్టుకునే తీసుకున్నాడు.

ఆ వేసవి నుంచి మేం ప్రతి యంత్రానికీ ఒక చీటీ అంటించడం మొదలుపెట్టాం. మాలో మేం దాన్ని 'తాలు చీటీ' అనుకునేవాళ్ళం. తెలుగులో, చేత్తో: 'బ్యాటరీ ముప్పావుగంట. ఎడమ స్పీకరు లేదు. ఒక కీ గట్టిగా నొక్కాలి. బోర్డు మీద మూడు కెపాసిటర్లు మేం మార్చాం.' హీట్ గన్ పెట్టినవాటిని యంత్రంగా అమ్మడం మానేసి, ర్యామూ డిస్కూ తెరా విడిగా అమ్మేశాం.

నిజాయితీకి వెంటనే లాభం వచ్చిందని చెబితే అబద్ధం. చీటీ చదివి సగంమంది మెట్లు దిగిపోయారు. పక్క కొట్లో అదే యంత్రం ఏ చీటీ లేకుండా ఐదొందలు తక్కువకి దొరుకుతుంటే ఎందుకుంటారు? రూమ్మేటూ నేనూ పోట్లాడుకున్నాం కూడా. "లోపం చెప్పి అమ్మే వ్యాపారం ఎక్కడన్నా ఉందా మావా" అనేవాడు. ఆ మాటకి నాకు దొరికిన జవాబొక్కటే, మిర్చి యార్డు. ఏడెనిమిది నెలలకి మార్టూరు నుంచి ఒక పురుగుమందుల కొట్టాయన వచ్చి చీటీలు మాత్రమే చదివి, మూతలు విప్పమనకుండా నాలుగు కొనుక్కెళ్ళాడు. అదే మాకు పెద్ద బేరం. ఏకర్‌లాఫ్ వ్యాసంలో బ్రాండు పేరూ గ్యారంటీ కాగితమూ చేసే పని మా దగ్గర ఆ చీటీ చేసింది, అదీ చాలా నెమ్మదిగా.

*

2013లో నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. రూమ్మేటు రాలేదు, కొట్టు ఉంచుకున్నాడు. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మద్దతు ఆగిపోయింది, పాత పెంటియంలన్నీ ఒక్కసారిగా తుక్కు బరువుకి వచ్చాయి. రెండు నెలలకి రాష్ట్రం విడిపోయింది. నా లెక్కలో మా వ్యాపారం మొదటి అధ్యాయం అక్కడ అయిపోయింది.

ఇప్పుడు నేను లిఫ్టు పై అంతస్తులో ఉన్నాను. మూడేళ్ళకోసారి నా లాప్‌టాప్ తీసుకుని కొత్తది ఇస్తారు. పాతదానికి ఒక బార్‌కోడ్ స్టిక్కరు ఉంటుంది, ఒక ఫారం మీద సంతకం పెడతాను. అది అరండల్‌పేటకి పోతుందా? ఆ దారి ఇప్పుడు ఇరుకైంది. ఈ-వేస్ట్ నిబంధనలు మొదట 2012 మే నుంచి అమల్లోకి వచ్చాయి. 2016లో కొత్తవి రాసినప్పుడు పాతవి బాగుచేసి అమ్మేవాణ్ణి కూడా చట్టం గుర్తించింది. 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం అతను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. ఇందులో తప్పు పట్టడానికి లేదు. తుక్కుని తగలబెట్టి రాగి తీసే చోట ఆ పొగ పీల్చినవాళ్ళు ఉన్నారు. కంపెనీ డిస్కులో జనం వివరాలు ఉన్నాయి. మేం ఆ రోజుల్లో డిస్కులు పైపైన ఫార్మాట్ కొట్టి అమ్మేసేవాళ్ళం. ఎవరెవరి లెక్కలు ఎవరెవరి ఇళ్ళకి చేరాయో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. కానీ నమోదు, సర్టిఫికెట్లు, టన్నుల లెక్క అన్నీ పెద్ద గోడౌను ఉన్నవాడికి అనువుగా ఉంటాయి. మేడ మీది గదికి ఉండవు.

యంత్రం కూడా మారింది. ర్యామ్ ఇప్పుడు చాలా లాప్‌టాప్‌లలో బోర్డుకే అతికి ఉంటుంది, రబ్బరుతో రుద్దడానికి ఊడదు. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెచ్చింది, కంపెనీలు విడిభాగాల వివరాలు అందులో పెట్టాలని. అదే సమయానికి విండోస్ 11 టీపీఎం 2.0 అనే చిప్పు లేనిదే ఎక్కనంటోంది. దాదాపు 2017కి ముందు ప్రాసెసర్లన్నిటినీ జాబితాలోంచి తీసేసింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. ఇదివరకు యంత్రం చచ్చిందని ఆదాయపన్ను పట్టిక చెప్పేది. ఇప్పుడు ఆ మాట చెప్పేది సాఫ్ట్‌వేర్, అంటే నాలాంటివాళ్ళం.

మొన్న ఊరెళ్ళినప్పుడు కొట్టుకి వెళ్ళాను. రూమ్మేటు ముందు ఏడోతరం లాప్‌టాప్‌లు గుట్టగా ఉన్నాయి. బ్రహ్మాండంగా నడుస్తాయి, విండోస్ 11 మాత్రం ఎక్కదు. వాటికి లినక్స్ ఎక్కిస్తున్నాడు. హైదరాబాదు స్వేచ్ఛ వాళ్ళు తెలుగులో లినక్స్ మీద పనిచేస్తున్న రోజుల్లో నేను సీడీ తెస్తే, ఎవడు కొంటాడు మావా అన్నవాడే. ఇప్పుడు బ్లోయర్ పెట్టి ఒకదాన్ని శుభ్రం చేశాడు. ఏ దుమ్మూ రాలేదు, ఏసీ గది సరుకు.

ఒక కుర్రాడొచ్చాడు, యార్డులో గుమాస్తా కొడుకట, డిప్లొమా చదువుతున్నాడు. మూత మీద చీటీ ఉంది, ఇప్పటికీ చేత్తోనే రాస్తున్నాడు: 'విండోస్ 11 రాదు. కింది వైపు ఒక స్క్రూ లేదు. బ్యాటరీ గంటంబావు.' కుర్రాడు మొత్తం చదివి, స్క్రూకి రెండొందలు తగ్గించమన్నాడు. మావాడు వంద తగ్గించాడు.